మా చిన్నోడూ, లండను డాక్టరుగారూ

నేను కాపురానికి రుద్రవరం వచ్చింది 1973లో. ఆళ్లగడ్డ నుంచి మా ఊరికి బస్సంటే అప్పట్లో ఉన్నట్టే, లేనట్టే. నల్లమల మీంచి పొద్దు పొడిచే ఊరు. నాపరాళ్లు పరిచిన ఆ పెద్దింట్లో, కొత్తకోడలి బెరుకుతో తలుపు చాటున నిలబడ్డ నన్ను చూసి మొట్టమొదట నవ్వింది ఎవరనుకున్నారు? అత్తగారు కాదు, ఆడపడుచులూ కాదు. చాపమీద పడుకోబెట్టిన ఏడాది పిల్లవాడు. మా చిన్నత్త, అంటే మా అత్తగారి చెల్లెలు, ఆఖరి కొడుకు. ఏడాది నిండినా కూర్చోలేడు. ఎత్తుకుంటే వెన్నముద్దలా జారిపోయేవాడు. నాలుక కొంచెం బయటికి, కళ్లు కొంచెం ఏటవాలుగా, అరచేతిలో అడ్డంగా ఒకటే గీత. వరసకు మరిది. పేరు నరసింహస్వామిదే పెట్టారు గానీ పిలిచిందెవరు? అందరికీ చిన్నోడే.

వాడు పుట్టేనాటికి చిన్నత్తకు నలభై ఒకటి. పైన ఐదుగురు పిల్లలు. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినాది" అని ఒకరు, "మేనమామను చేసుకుంటే ఇంతే మరి" అని ఇంకొకరు. ఆమె వింటుండగానే అనేవాళ్లు. ఒకసారి పట్నం తీసుకుపోతే అక్కడి డాక్టరు, "మంగోల్ బిడ్డమ్మా. పదేళ్లు, మహా అయితే పన్నెండేళ్లు" అన్నాడట. చిన్నత్తకు ఆ మాట "మంగళ" అని వినబడింది. ఊరికి తిరిగొచ్చి, "డాక్టరే చెప్పినాడు, వీడు మంగళ బిడ్డంట" అని వీధి వీధంతా చెప్పుకుంది. పన్నెండేళ్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత, పప్పు రుబ్బుతూ రుబ్బుతూ చెప్పింది.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. తారీఖుల పిచ్చి నాకు ముందునుంచీ ఉంది. ఆ 'మంగోల్' మాట ఎక్కడ పుట్టిందా అని వెతుక్కుంటూ పోతే, ఇంగ్లండులో తేలాను.

1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే డాక్టరు ఒక వ్యాసం రాశాడు. లండనుకు దగ్గర్లోనే, ఎర్ల్స్‌వుడ్ అనేచోట, బుద్ధి ఎదగని పిల్లల ఆశ్రమానికి ఆయన పెద్ద. ఆశ్రమంలో కొందరి ముఖాలు, ఎవరికి ఎవరూ ఏమీ కాకపోయినా, అన్నదమ్ముల ముఖాల్లా ఉన్నాయని ఆయన కనిపెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ ముఖాలు మంగోలియా జనంలా ఉన్నాయని ఆ జాతి పేరు తగిలించాడు చూడండి, అక్కడ తప్పులో కాలేశాడు. ఆ తప్పు పేరే దాదాపు వందేళ్లు నడిచింది. 1961లో కొందరు శాస్త్రజ్ఞులు ఆ మాట మానేద్దామని లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాశారు. 1965లో మంగోలియా ప్రభుత్వమే ప్రపంచ ఆరోగ్య సంస్థను అడిగింది. అడగరా మరి! అలా అది 'డౌన్ సిండ్రోమ్' అయింది. డౌన్ అంటే కింద, తక్కువ అని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఆ డాక్టరుగారి ఇంటిపేరు.

ఏమాటకామాట చెప్పుకోవాలి, మనిషి మంచివాడే. ఆశ్రమంలో పిల్లల్ని కొట్టడం మాన్పించాడు. చెంచాతో తినడం, గుండీలు పెట్టుకోవడం నేర్పించాడు. 1868లో భార్య మేరీతో కలిసి నార్మన్స్‌ఫీల్డ్ అని సొంతంగా ఒక ఇల్లు తెరిచాడు. అక్కడి పిల్లల కోసం నాటకశాల కూడా కట్టించాడు. నాకు వింతగా తోచిందేమిటంటే, ఆయన 1896లో పోయాడు. 1905లో ఆయన కొడుకింట ఒక మనవడు పుట్టాడు. తాతగారి పేరే పెట్టారు. ఆ బిడ్డకు తాతగారు వర్ణించిన లక్షణాలే! ఆ ఇంట్లో ఎవరు ఎవరిని ఏ గ్రహణం గురించి నిలదీశారో మరి.

ఇంతకీ నేను రాయబోయింది ముఖాల గురించి కాదు, గుండె గురించీ, మూత్రపిండాల గురించీ. ఈ పిల్లల ముఖం చూసి జాతిపేర్లు పెట్టినంత తొందరగా, వాళ్ల ఎదమీద చెవిపెట్టి విన్నవాళ్లు లేరు. 1890లలో ఆర్చిబాల్డ్ గారడ్ అనే లండను వైద్యుడు, ఈ పిల్లల్లో పుట్టుకతో వచ్చే గుండెజబ్బులు ఎక్కువని రాశాడు. రాసినా ఏం చెయ్యాలో ఆనాడు ఎవరికీ తెలియదు. పుట్టిన ఇద్దరిలో ఒకరికి, కాదంటే ఐదుగురిలో ఇద్దరికి, గుండెలో లోపం ఉంటుందని ఇప్పటి లెక్క.

గుండె అంటే నాలుగు గదుల ఇల్లు కదా. తల్లి కడుపులో బిడ్డ రెండు నెలలైనా నిండకముందే ఆ ఇంటికి నడిమి గోడలు లేస్తాయి. పైనుంచి ఒక గోడ, కిందినుంచి ఒక గోడ వచ్చి, మధ్యలో మెత్తలవంటి కండతో అతుక్కోవాలి. ఈ పిల్లల్లో చాలామందికి ఆ అతుకు పడదు. నాలుగు గదుల ఇల్లు నడిమధ్య బోసిగా ఉండిపోతుంది. మంచి నెత్తురూ చెడ్డ నెత్తురూ కలగలిసి, ఊపిరితిత్తుల మీదికి వరదలా పోటెత్తుతుంది. ఆ పోటుకు తట్టుకోలేక అక్కడి నాళాలు కొన్నాళ్లకు గట్టిపడిపోతాయి. గట్టిపడ్డాక వరద వెనక్కి తిరుగుతుంది. బిడ్డ పెదవులు నీలంగా మారతాయి. ఐసెన్‌మెంగర్ అనే ఆస్ట్రియా డాక్టరు 1897లో వర్ణించిన అవస్థ ఇది. అక్కడిదాకా వచ్చాక చిల్లు పూడ్చినా ప్రయోజనం లేదు, హాని కూడా. కాబట్టి ఏది చేసినా మొదటి ఆర్నెల్లలోపే చెయ్యాలి.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు, మా వీధి చివరింట్లో తెలిసింది. 1979లో ఆ ఇంట్లో ఒక ఆడబిడ్డ పుట్టింది. అచ్చం మా చిన్నోడి చెల్లెలంటే నమ్మాలి. పాలు తాగుతూ తాగుతూ చెమటలు కక్కేది. ఐదో నెలలో పెద్ద ఊరికి తీసుకుపోయారు. "గుండెలో పెద్ద చిల్లుంది. ఆపరేషన్లు లేకపోలేదు గానీ, ఇట్లాంటి బిడ్డకు ఎందుకమ్మా? వయసులో ఉన్నారు, ఇంకో బిడ్డను కనండి" అని పంపించేశారు. ఆ తల్లి నాతో అంది, "అక్కా, పాతకుండ పగిలింది, కొత్తకుండ తెచ్చుకోమన్నట్టు చెప్పినాడు." ఆ పిల్ల మూడేళ్లకు నీలంగా మారడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి చతికిలబడేది. మా చిన్నోడు తన బొరుగుల గిన్నె పట్టుకుపోయి ఆ పిల్ల పక్కన కూర్చునేవాడు. వాడికి పరుగెత్తే ఓపిక ఉన్నా కూర్చునేవాడు. 1986 ఎండాకాలంలో ఆ పిల్ల పోయింది. ఏడేళ్లు.

ఆపరేషన్ ఉందన్నమాట అబద్ధం కాదు. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై అనే సర్జను చేసిన సాహసం వింటే ఒళ్లు జలదరిస్తుంది. గుండె ఆపి కుట్టాలంటే అంతసేపూ ఆ పని ఇంకొకటేదో చెయ్యాలి. యంత్రాలు ఇంకా సరిగా కుదరని రోజులు. ఆయన ఏం చేశాడంటే, పక్క బల్లమీద తల్లినో తండ్రినో పడుకోబెట్టి, వాళ్ల రక్తనాళాలను బిడ్డవాటికి గొట్టాలతో కలిపాడు. బిడ్డ గుండె ఆగినంతసేపూ తల్లి గుండే ఇద్దరికీ కొట్టుకుంటుంది! కడుపులో ఉన్నప్పుడు చేసిన పనే మళ్లీ. అలా 45 మందికి చేస్తే 28 మంది బతికి ఇళ్లకు వెళ్లారు. నేను పైన చెప్పిన ఆ నడిమిగోడల లోపాన్ని మొదటిసారి కుట్టి సరిచేసింది కూడా ఆ సంవత్సరమే, ఆ పద్ధతిలోనే. మనకు దగ్గర్లోని వెల్లూరు ఆసుపత్రిలో 1961లో ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేశారు. 1971లో కిడ్నీ మార్పిడీ చేశారు. మన రాయలసీమవాళ్లకు జబ్బు ముదిరితే గుర్తొచ్చే ఊరు వెల్లూరే కదా. అయితే ఆర్నెల్ల పసిగుడ్డుకు చెయ్యడం మన దేశంలో అప్పటికి గగనమే. అందుకని ఆ డాక్టరును పూర్తిగా తప్పు పట్టలేను. "ఇక్కడ చెయ్యలేం" అని ఉంటే సరిపోయేది. "ఇట్లాంటి బిడ్డకు" అన్నాడే, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోతుంది.

ఆ మాట మన డాక్టరు ఒక్కడే అన్నాడా? 1982లో అమెరికాలో, బ్లూమింగ్టన్ అనే ఊళ్లో, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డకు అన్ననాళం అతుక్కోలేదు. కుట్టదగ్గ లోపమే. తల్లిదండ్రులు వద్దన్నారు, కోర్టు వాళ్ల ఇష్టమంది. ఆరు రోజులకు బిడ్డ పోయింది. దేశమంతా గగ్గోలు లేచి 1984లో చట్టం తెచ్చారు. 1996లో శాండ్రా జెన్‌సెన్ అనే ఆవిడ సంగతి ఇంకోరకం. డౌన్ సిండ్రోమ్ ఉన్నావిడ, ముప్ఫై దాటింది. గుండె, ఊపిరితిత్తులు మార్చాల్సి వస్తే ముందు ఆసుపత్రులు కాదన్నాయి. ఇలాంటివాళ్ల హక్కుల కోసం తానే తిరిగి ప్రసంగాలు చేసే మనిషి ఆవిడ. ఊరుకుంటారా? గొడవపడ్డారు, మనసు మార్చుకున్నారు, మార్పిడి జరిగింది.

మళ్లీ కొంచెం వెనక్కి వెళ్లాలి. మా చిన్నత్తను గ్రహణం కేసులోంచి విడిపించింది ఒక ఆడమనిషి, ఆ కథ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మార్త్ గోతియే అని, పారిస్‌లో పిల్లల గుండె డాక్టరు. రైతుల బిడ్డ. 1955లో అమెరికా వెళ్లినప్పుడు కణాలను సీసాల్లో పెంచే విద్య నేర్చుకొచ్చింది. 1956లో మనిషి కణంలో ఉండే క్రోమోజోములు 46 అని తేలింది. మరి డౌన్ పిల్లల్లో ఎన్ని? లెక్కపెడతానని ఆవిడ ముందుకొచ్చింది. ఆసుపత్రివాళ్లు గది ఇచ్చారు గానీ డబ్బివ్వలేదు. అప్పుచేసి గాజుసామాను కొనుక్కుంది. కణాలకు మేతగా కోడి నెత్తురు కావాలంటే ఒక కోడిపుంజును పెంచింది, సీరం కోసం తన నెత్తురే తీసుకుంది. 1958లో చూస్తే 47 ఉన్నాయి! ఒకటి ఎక్కువ. ఫొటో తియ్యగల మైక్రోస్కోపు ఆమె దగ్గర లేదు. జెరోమ్ లెజెన్ అనే సహోద్యోగి, ఫొటోలు తీయిస్తానని పలకలు తీసుకెళ్లాడు. 1959 జనవరిలో వ్యాసం అచ్చయింది. మొదటిపేరు లెజెన్‌ది. రెండోది ఈవిడది, అదీ అక్షరాలు తప్పుగా! లెజెన్ వైపువాళ్లు ఈ కథను వేరేగా చెబుతారు, అదీ నిజమే. ఆవిడ మాత్రం గట్టిగా మాట్లాడకుండా మళ్లీ పిల్లల గుండెలు చూసుకుంటూ కూర్చుంది. యాభై ఏళ్లకు, 2009లో, తన కథ తాను రాసింది. 2022లో పోయింది.

ఆ ఒక్క అదనపు క్రోమోజోము, 21వది, బిడ్డ కడుపులో పడకముందే వచ్చి చేరుతుంది. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. మేనరికానికీ లేదు, మేనరికంతో వచ్చే జబ్బులు వేరు. తల్లి వయసుతో మాత్రం కొంత ముడి ఉంది. ఇరవైల్లో పదిహేనువందల కాన్పులకు ఒకటయితే, నలభైలో వందకు ఒకటి. అలాగని చిన్నవయసు తల్లులకు పుట్టరనీ కాదు, మా వీధి చివరి ఆవిడకు అప్పుడు ఇరవై రెండే. ఇదంతా నేను చదివి చిన్నత్తకు చెప్పేసరికి ఆమెకు డెబ్భై దాటింది. శ్రద్ధగా విని, "అయితే గ్రహణం రోజు నేను చింతకాయ కోసింది తప్పు కాదన్నమాట" అంది. అన్నేళ్లూ మనసులో ఆ చింతకాయను మోసిందన్నమాట!

చిన్నోడి విషయానికొస్తే, వాడు గుండెచిల్లు లేని సగంలో పడ్డాడు. అదే వాడి అదృష్టం. 1929లో ఇలాంటివాళ్ల సగటు ఆయుష్షు 9 ఏళ్లు. 1949లో 12. పట్నం డాక్టరు చెప్పింది ఆ పాత పుస్తకం లెక్కే. 1983కి అది 25 అయింది. ఇప్పుడు వైద్యం బాగా అందే దేశాల్లో అరవైకి చేరింది. జబ్బు మారలేదు, ఆ ఒక్క క్రోమోజోమునూ ఎవరూ తీసెయ్యలేదు. గుండె కుట్టడం మొదలుపెట్టారు, యాంటీబయాటిక్స్ వచ్చాయి, ఆశ్రమాల్లో వదిలెయ్యకుండా ఇళ్లలో పెంచుకున్నారు. అంతే.

మా ఊళ్లోనే ఆ తేడా చూశాను. 2014లో ఒక కూలీల ఇంట్లో ఇలాంటి మగబిడ్డ పుట్టాడు. అంతకు ముందు ఏడాదే కేంద్రప్రభుత్వం పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం పెట్టింది. అందులో వెతకాల్సిన 30 జబ్బుల్లో డౌన్ సిండ్రోమూ ఉంది, పుట్టుకతో వచ్చే గుండెజబ్బూ ఉంది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, వెంటనే ఎకో తీయించమంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అప్పటికి ఊరూరా తెలిసిపోయింది. ఆ పథకానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయిలెండి. ఐదో నెలలో హైదరాబాదులో ఆపరేషన్. పైసా కట్టలేదు. పుట్టపర్తిలో 1991 నుంచీ గుండెకూ కిడ్నీకీ ఉచితంగా చేసే పెద్దాసుపత్రి ఉంది, 2021లో తిరుపతిలో పిల్లల గుండెకే ప్రత్యేకంగా ఒకటి తెరిచారు. ఆ పిల్లవాడికిప్పుడు పదకొండేళ్లు. బడికి పోతాడు. ఎవరు కనపడినా చొక్కా ఎత్తి ఎదమీది గీత చూపిస్తాడు. వీధి చివరి ఆవిడ కూడా చూసింది. ముసలిదైపోయిందిప్పుడు. ఆ గీతమీద వేలుపెట్టి రాసి, ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

చిన్నత్త 2009లో పోయింది. పోయేముందు నాతో పొలం సంగతులు చెప్పలేదు, నగల సంగతులు చెప్పలేదు. "ఉగాదికుగాదికి వాని కాలి నల్లదారం మార్చు" అంది. అంతే. నేను మారుస్తూనే ఉన్నాను.

పోయిన సంవత్సరం, ఉగాది ఇంకా దూరం ఉండగానే, ఆ దారం వాడి చీలమండలోకి దిగబడి కనిపించింది. కాలు వాచింది. "నొప్పిరా?" అంటే "లేదు వదినా" అంటాడు. వాడెప్పుడూ అంతే, నొప్పంటే ఏమిటో చెప్పుకోవడం రాదు. నంద్యాల తీసుకుపోయాం. 2022లో జిల్లా అయింది, మరుసటేడు ప్రభుత్వ వైద్యకళాశాల కూడా వచ్చింది, ఇప్పుడది పూర్వపు నంద్యాల కాదు. మా అమ్మాయి వయసు డాక్టరమ్మ రక్తం, మూత్రం, స్కానూ అన్నీ చూసి, "గుండె ఎకో ఎప్పుడు తీయించారు?" అంది. "వీడికి గుండెజబ్బు లేదమ్మా" అన్నాను గర్వంగా. చిన్నప్పుడు లేనివాళ్లకు కూడా పెద్దయ్యాక కవాటాలు వదులై నెత్తురు కారడం ఉంటుందట. వీడికి కొంచెం ఉంది. అయితే కాలువాపు అసలు కారణం అది కాదు. కిడ్నీలు.

యాభై ఏళ్లలో వాడి కిడ్నీల మాట ఎత్తినవాళ్లు లేరు. అసలు వైద్య పుస్తకాల్లోనే ఇది ఆలస్యంగా చేరిన అధ్యాయం. గుండెచిల్లుతో పసితనంలోనే పోతుంటే ముసలి కిడ్నీలు ఎవరు చూస్తారు? ఇప్పుడు బతుకుతున్నారు కాబట్టి కనబడుతున్నాయి. వీళ్ల కిడ్నీలు మామూలుకన్నా కొంచెం చిన్నవి. నెత్తురులో యూరిక్ యాసిడ్ ఎక్కువుంటుందని 1960లలోనే గమనించారు. కొందరికి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, నిలవున్నది వెనక్కి తన్ని కిడ్నీని చెడగొడుతుంది. గుండెజబ్బుతో నీలంగా మారినవాళ్లకైతే ఆ చిక్కటి నెత్తురే వడపోతను దెబ్బతీస్తుంది. అంటే మా వీధి చివరి పిల్ల బతికున్నా ఈ గండం దాటాల్సి వచ్చేదేమో. ఈనాటికీ పుట్టగానే గుండెకు ఎకో తియ్యడం ఉంది గానీ, కిడ్నీలకు అంత పట్టింపు లేదు. పైగా కండ తక్కువున్న మనిషికి క్రియాటినిన్ లెక్క మామూలుగా కనబడుతూనే లోపల దెబ్బతిని ఉండవచ్చట. బీపీ తక్కువే ఉందిగా అని మేం నిశ్చింతగా ఉన్నాం. అదీ వీళ్ల సహజ గుణమే, దానికి మురిసిపోనక్కరలేదు.

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "నొప్పి బిళ్లలేమైనా వాడారా?" నా నోట మాట రాలేదు. మోకాళ్లు పట్టేసి కుంటుతుంటే, మందుల కొట్లో తెచ్చి నాలుగేళ్లుగా వాడికి బిళ్ల వేస్తున్నది నేనే. నాకు పనిచేసిందని వాడికీ వేశాను. కిడ్నీకి అవి పడవని పెద్ద చదువులు చదివినదాన్ని నాకెందుకు తోచలేదు? ఆవిడ నన్నేమీ అనలేదు. "ఇకమీదట వద్దు" అని మాత్రం రాసింది. డయాలసిస్ దాకా రాలేదని, జాగ్రత్తపడితే చాలాకాలం నడుస్తుందని ధైర్యం చెప్పింది.

జాగ్రత్తలంటే ఏమున్నాయి? మూడు గంటలకోసారి గడియారం చూసి దొడ్లోకి పంపించాలి. ఊరగాయ బంద్. ఉగ్గానిలో ఉప్పు సగం, బజ్జీ ఆదివారం ఒక్కటి. ఇదే పెద్ద యుద్ధం. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి ఎకో, థైరాయిడ్ కూడా. బరువు పెరగకుండా సాయంత్రం నడక. ఆ పదకొండేళ్లవాడు వచ్చి మా వాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. వాడి తల్లికి కూడా చెప్పాను, వీనికీ ఒకసారి కిడ్నీ స్కాను తీయించమ్మా, గుండె బాగైంది కదాని ఊరుకోవద్దు, అని.

మొన్న నంద్యాల ల్యాబులో చీటీ రాసే కుర్రాడు పేరు రాసుకుని, మావాణ్ణి ఎగాదిగా చూశాడు. నున్నటి ముఖం, పొట్టి మనిషి, చేతిలో బొరుగుల పొట్లం.

"వయసెంతమ్మా?"

"యాభై మూడు."

"పదమూడా?"

"కాదు నాయనా, యాభై మూడు" అన్నాను. "అంకెల్లో కాదు, అక్షరాల్లో రాయి."